మాస్టరు గారు టిక్కు పెట్టిన నలభై ఒకటో పేరు

మా పక్కింటి మాస్టరు గారు పోయారన్న కబురు నాకు మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది. గుర్తు పెట్టుకుని ఎవరైనా ఫోన్ చేయడానికి నేనేమన్నా బంధువునా! పొద్దున పాలు పోసే ఆమె గిన్నెలోకి పాలు వంపుతూ, "పక్కింటాయప్ప పోయినాడంట గదా మేడమ్, కూతురింటికాడ. మీకు తెల్దా?" అంది. అప్పటికి నేను నా వ్యాసం మొదటి పుటలో నా పేరు చెరుపుతున్నాను. మా వాణిజ్య పరిశోధన పత్రికల్లో, వ్యాసాన్ని పరీక్షించేవాళ్ళకు అది రాసిందెవరో తెలియకూడదు. ఎవరి పేరు వాళ్ళే చెరుపుకుని పంపాలి. పాలు పొయ్యి మీద పెట్టి మళ్ళీ వచ్చి తెర ముందు కూర్చున్నాను. మాడు వాసన వచ్చేదాకా లేవలేదు.

మాస్టరు గారంటే బడిపంతులు కాదు. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. గుంతకల్లులో ఆ మాటకు వేరే వివరణ అక్కర్లేదు. పాఠాలు చెప్పే నేను మేడమ్‌ని, బండ్లు పంపిన ఆయన మాస్టరు. భార్య పోయాక ఆయన ఒంటరి. నేను మొదటినుంచీ ఒంటరినే. రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. ఆరేళ్ళపాటు ఆ గోడ మీదుగా మేం మాట్లాడుకున్నది నీళ్ళ గురించే. ట్యాంకరు వచ్చిందా, పోయిందా, రేపైనా వస్తుందా. నేను కాలేజీలో ఉన్నప్పుడు ట్యాంకరొస్తే, చెప్పకుండానే నా డ్రమ్ములు కూడా నింపించి మూతలు పెట్టేవారు.

అసలు స్నేహం నాకు జరిగిన ఒక అవమానంతో మొదలైంది. నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. పీహెచ్‌డీలో చేరి తొమ్మిదేళ్ళయింది. పేరున్న పత్రికలో ఒక్క వ్యాసమైనా వస్తే తప్ప మా విశ్వవిద్యాలయం థీసిస్ తీసుకోదు. పొడిగింపులన్నీ అయిపోయాయి. ఈసారి గడువు దాటితే తొమ్మిదేళ్ళ పనీ బుట్టదాఖలే. అలాంటప్పుడు పంపిన వ్యాసం రెండు రోజుల్లో తిరిగొచ్చింది, చదవకుండానే. లోపల ప్రస్తావించిన ఆరుగురి పేర్లు చివర ఇచ్చే ఆధారాల జాబితాలో లేవట. జాబితాలో ఉన్న నలుగురు లోపల లేరట. గోడ దగ్గర నిలబడి నన్ను నేనే తిట్టుకుంటూ ఉంటే ఆయన చెవిన పడింది.

"ఎవరితో సరి చూపించినావమ్మా?"

"నేనే మూడుసార్లు చూసుకున్నా మాస్టరు గారూ."

"ఒకరే చూస్తే ఎట్లమ్మా? మేం పక్క స్టేషనుకు ఒక నంబరు చెప్తే, ఆడ ఉండేవాడు అదే నంబరు తిరిగి చెప్పల్లా. చెప్పంది బండి కదల్దు. రేపు ఐదింటికి కాగితాలు తీసుకొని రా."

రోజూ బనియన్‌తో తిరిగే మనిషి, మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వసారాలో కుర్చీలో సిద్ధంగా ఉన్నారు. చేతిలో ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉన్న పెన్సిలు. కాగితం పైన రైల్వే లెక్కలో '17-05 మొదలు' అని రాసుకున్నారు. వ్యాసంలోని పేరూ, దాని పక్కన వేసిన సంవత్సరమూ నేను చదవాలి. ఆయన జాబితాలో వెతికి అవే పైకి చదవాలి. కలిస్తే నీలం టిక్కు, కలవకపోతే ఎర్ర సున్నా.

జాబితాలో ఇంటిపేర్లు ముందుండడం చూసి మురిసిపోయారు. "ఇదేంది, మన పద్ధతే గదమ్మా!" ఒక్కరి పేరు రాసి 'తదితరులు' అని వదిలేసిన చోట మాత్రం పెన్సిలు ఆగేది. "వీళ్ళెంతమంది?" అనేవారు. ఐదుగురంటే, "పాపం, వాళ్ళూ ఎండలో తిరిగింటారు గదా" అని ఆ ఐదుగురి పేర్లూ నాచేత చదివించేవారు. పత్రిక ఒప్పుకోకపోయినా ఆయన వసారాలో వాళ్ళకు న్యాయం జరిగింది.

ఒకసారి తన చిన్న స్టేషన్ల రోజుల గురించి చెప్పారు. చుట్టూ మనిషి కనపడని బీడు. "పక్క స్టేషనాయన మొగం ఎట్లుంటాదో నాకు తెల్దు. పదేండ్లు మాట్లాడుకున్నాం. నేను చెప్పిందే ఆయప్ప తిరిగి చెప్పేవాడు, అంతే. అవతల ఒక మనిషుండాడని తెలిసేది." ఆ మాట నాకు బాగా అర్థమైంది. నేనన్న మాటను ఇంకో గొంతు తిరిగి అనడం నా ఇంట్లో ఎన్నడూ వినలేదు. ఐదు ఎప్పుడవుతుందా అని కాలేజీలో గడియారం చూసుకునేదాన్ని.

ఒకరోజు, "అదంతా సరే, దీంట్లో ఏం రాసినావో తెలుగులో చెప్పు" అన్నారు. చెప్పాను. బెళుగుప్ప వైపు పల్లెల్లో రైతులు వేరుశనగ విత్తనం కొనేటప్పుడు సంచి మీది చీటీ కంటే తెలిసిన మనిషి మాటే ఎక్కువ నమ్ముతారు.

"అది ఆ ఊరి బస్సులో ఎవర్నడిగినా చెప్తారు. నువ్వు కనుక్కున్నదేంది?"

నాకు ఒళ్ళు మండింది. రెండు సాయంత్రాలు అటు పోలేదు. మూడోనాడు పాత నోటుపుస్తకాలు తిరగేస్తుంటే దొరికింది. తాము నమ్మిన మనిషి చెప్పిన విత్తనం మొలవకపోయినా, ఆ మనిషి చేనిదాకా వచ్చి నిలబడి చూసి పోయుంటే, మరుసటేడూ ఆయన్నే అడుగుతున్నారు. రానివాణ్ణి మాత్రం మళ్ళీ అడగడం లేదు. గోడ మీదుగా ఈ సంగతి చెప్పాను. "ఆ, ఇది రాయి" అన్నారు. నా వ్యాసంలో పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే అది ఆయన చలవే.

ఇక దాచిపెట్టింది చెబుతాను. నేను చదివిన వ్యాసాలన్నీ అచ్చు తీసి, పేర్చి పట్టుకెళ్ళేదాన్ని. నలభై ఒకటో పేరు దగ్గర ఆయన ఆ దొంతర తిరగేసి, "దీని కాగితం యాడమ్మా?" అన్నారు. అది వానలు సరిగా పడని ఇంకో దేశంలో చేసిన అధ్యయనం. అక్కడి రైతులూ ఇలాగే నడుచుకుంటారని నేనొక వాక్యం రాశాను. నిజానికి దాన్ని నేను చూడనే లేదు. ఇంకెవరో తమ వ్యాసంలో ప్రస్తావిస్తే ఎత్తి పెట్టుకున్నాను. చాలామంది చేసే పనే. దొంతరలో వెతుకుతున్నట్టు కాగితాలు తిప్పాను.

"మా కాడ ఒకటుండాదమ్మా," అన్నారాయన. "బండి పోయేటప్పుడు కడాపెట్టె వెనక 'ఇదే ఆఖరిది' అని ఉండే పలక కండ్లతో చూడల్లా. చూసినాకనే బండి మొత్తం వచ్చిందని చెప్పల్లా. కొత్తల్లో ఒగసారి చూడకనే చూసినానన్నా. బండి మొత్తం వచ్చింది, ఏం గాలే. అయినా ఆ పొద్దు నాకు అన్నం దిగలే." పెన్సిలు నలభై ఒకటి మీద ఆనించి, "నువ్వు చదివినావు గదా?" అన్నారు.

"చదివినా మాస్టరు గారూ. కాగితం కాలేజీలో ఉండాది."

నీలం టిక్కు పెట్టారు.

వ్యాసం పంపిన నెలకు ఆయనకు ఆయాసం ఎక్కువైంది. కూతురొచ్చి తన ఊరు తనకల్లుకు తీసుకుపోయింది. ఆటో ఎక్కుతూ, "జవాబొస్తే ఫోన్ చెయ్యమ్మా" అన్నారు. జవాబు వచ్చింది, మార్పులు చేసి పంపమని. రెండో సమీక్షకుడు వ్యాసాన్ని ఏకిపారేసి ఒక్కదాన్నే మెచ్చుకున్నాడు. ఆ పరదేశపు అధ్యయనంతో పోలికే దీనికి ప్రాణమట, దాన్ని ఇంకా పెంచి రాయాలట. ఆయనకు ఫోన్ చేయలేదు. చేస్తే ఏం రాశారో చెప్పాలి, చెబితే నలభై ఒకటి దగ్గరికి పోవాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే పాలామె కబురు.

దినాల నాడు తనకల్లు వెళ్ళాను. షామియానా కింద నాకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. విస్తరి ముందు కూర్చున్నాక, వడ్డిస్తూ వచ్చిన ఆయన కూతురు మీరెవరని అడిగింది. గుంతకల్లులో పక్కిల్లు అన్నాను. ఆమె గరిటె ఆగిపోయింది.

"పేపరు మేడమ్ మీరేనా! ఆసుపత్రిలో గూడా మీ మాటే. వచ్చినోళ్ళకంతా చెప్తాండె నాయన, 'ఆయమ్మ చదవకుండా ఒక్క పేరు గూడా రాయదు, నేను కండ్లారా చూసినా' అని."

ఆయన చూడలేదు. ఆ ఒక్క పొద్దు తర్వాత, కంటితో చూడనిదాన్ని చూశానని ఉద్యోగంలో మళ్ళీ అనని మనిషి, నా నోటి మాట మీద అనేశారు. చెప్పేద్దామని నోరు తెరిచాను. పక్కాయన సాంబారు అడిగాడు, ఆమె వెళ్ళిపోయింది. నా విస్తరిలో అన్నం అలాగే ఉంది.

ఇంటికొచ్చాక, హైదరాబాదులో ఉన్న పాత విద్యార్థినిని బతిమాలి ఆ అధ్యయనం తెప్పించుకున్నాను. రెండుసార్లు చదివాను. అక్కడి రైతులు, విత్తనం చెడిందంటే చెప్పినవాణ్ణి మళ్ళీ గడప తొక్కనివ్వలేదు, అతను చేనికొచ్చి చూసినా సరే. నేను రాసినదానికి పూర్తిగా తలకిందులు. మెచ్చుకున్న సమీక్షకుడు కూడా దాన్ని చదవలేదని అప్పుడే తెలిసింది. ఆ వాక్యాన్ని అలాగే ఉంచి ఇంకో రెండు పేరాలు అల్లితే అతను సంతోషిస్తాడు, నేను గట్టెక్కుతాను. ఎవరికీ తెలియదు. గడువు ఐదు రోజులుంది.

నాలుగు రోజులు ఆ వాక్యం ముందే కూర్చున్నాను. ఐదో రోజు సంపాదకుడికి ఉత్తరం రాశాను. ఆ అధ్యయనాన్ని చదవకుండానే పేర్కొన్నాను, ఇప్పుడు చదివాను, అది నా వాదనకు ఎదురుగా ఉంది, ఆ తేడా ఎందుకో నాకు తెలియదు, వ్యాసంలో కూడా అదే రాశాను. నిన్న సాయంత్రం బటన్ నొక్కాను. అందినట్టు యంత్రం జవాబిచ్చింది. తిప్పి కొడతారేమో, తొమ్మిదేళ్ళూ పోతాయేమో. పోతే ఏడుస్తాను. ధీమాగా ఉన్నానని మీతో కూడా అబద్ధం చెప్పలేను.

లేచి ఆయన వసారాలోకి వెళ్ళాను. తలుపుకు తాళం. అదిలించే మనిషి లేక వీధి మేకలు అక్కడ చేరాయి. ఒకటి, గోడ మీంచి ఊడిపడిన క్యాలెండరు కాగితం నములుతోంది. చెప్పుకోవడానికి నాకింకెవరూ లేరు. తాళం వైపు చూస్తూ పైకే అన్నాను.

"మాస్టరు గారూ, నలభై ఒకటోది నేను చదవలే. చదివినానని మీతో చెప్పినా."

మేక నమలడం ఆపి నా వంక చూసింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి అది మళ్ళీ నమలసాగింది.