పావు తిప్పు

పోయిన ఆదివారం పొద్దున మా మేనత్త కన్నుమూసింది. నారాయణఖేడ్ చుట్టుపక్కల ట్రాక్టర్ నడిపేవాళ్లైతే మీరూ ఒక్కసారైనా ఆమె చేత తిట్లు తినే ఉంటారు. మామ పోయాక డీజిల్ పంపులు బాగుచేసే ఆ దుకాణాన్ని ఆమే నడిపింది. "ఆడామెకు పంపు సంగతి ఏం ఎరుక?" అని నవ్వినవాళ్లే తర్వాత బండ్లు తెచ్చి ఆమె ముందు నిలబెట్టారు.

ఒక ఏడు నా పాత ట్రాక్టర్ కందుల లోడుతో కంగ్టి రోడ్డు మీద ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. ఆమె దగ్గరికి తీసుకెళ్లి, "పంపు జర పెంచు అత్తా, డీజిల్ ఎక్కువ పోతే బలమొస్తది" అన్నాను. ఆమె ముందు గాలి ఫిల్టర్ విప్పి, అందులోని దుమ్మంతా నా కాళ్ల దగ్గర దులిపింది.

"ఊపిరాడనోనికి ఇంకింత తినవెడతవానే పిల్లా?"

డీజిల్ చిమ్మే నాజిళ్లు కూడా శుభ్రం చేశాకే పంపు స్క్రూ పావు చుట్టు తిప్పింది. పొగగొట్టం వైపు చూస్తూ కాసేపు ఇంజన్ చప్పుడు విన్నది.

"ఇగ చాలు. నల్లపొగ బలం గాదు బిడ్డా, కాలకుండ పోయిన డీజిల్."

ఆ ఏడు ఎండాకాలంలో పది ట్రాక్టర్లున్న ఒక ఆసామి తన డ్రైవర్‌ను వెంటబెట్టుకొని వచ్చాడు. ట్రాక్టర్లతో బరువు లాగే పందెం పెట్టుకున్నాడట. స్క్రూ మొత్తం తిప్పమన్నాడు.

"నేను తిప్ప. ఇంజన్ పగిలితే సీటు మీద ఉండేది నువ్వు గాదు, నీ డ్రైవర్."

"నీ దుకాణం ఎట్ల నడుస్తదో నేనూ చూస్త!"

ఆమె పానా తీసి అతని చేతిలో పెట్టింది. "నువ్వే తిప్పుకో. గని నా దుకాణంల గాదు."

ఆ తర్వాత అతనికి భయపడి ఎవరూ రాలేదు. అయినా ఆమె రోజూ వేళకు షట్టర్ ఎత్తి కూర్చునేది. "ఒక్కసారి మాఫీ అడుగరాదు అత్తా" అని నేనే బతిమాలాను.

"తప్పు జేసినోడు అడగాలె. నేనెందుకు అడుగుత?"

తొలి వానలు పడ్డాక మొదట వచ్చింది ఆ డ్రైవరే. ఆసామి దగ్గర పని మానేసి, వాళ్లన్న ట్రాక్టర్ తోలుకొచ్చాడు. "నా పానం గురించి మాట్లాడింది నువ్వొక్కదానివే అక్కా" అన్నాడు. ఆమె బానెట్ ఎత్తింది. వారం తిరిగేసరికి వాకిట్లో బండ్లు వరుస కట్టాయి.

ఆదివారం అత్తకు ఆఖరి స్నానం చేయిస్తూ బంధువొకామె గోళ్లలోని నలుపు పోయేదాకా రుద్దబోయింది. నేను ఆ బంధువు చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఉండనియ్యి. అది మురికి గాదు."

కొత్త తెల్లబట్ట మీద అత్త రెండు చేతులూ పెట్టాం. పది గోళ్ల కిందా పది నల్లటి గీతలు.