పసుపు మంటలో మేనత్త ముఖం

మొన్న పొద్దున తార్నాక నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడకకు వెళ్లి, నేను ఒకప్పుడు పరిశోధన చేసిన విభాగంలోకి తొంగి చూస్తే, ఓ పరిశోధక విద్యార్థిని ఉత్త లెక్కలతోనే తయారుచేసిన మంటను కంప్యూటర్ తెర మీద చూపించింది. పొగ లేదు, వాసన లేదు, ముచ్చటగా మండుతోంది. మీ కాలంలో ఎట్లా చేసేవారు సార్ అని అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ, ఆ పసుపు రంగు మీద నుంచి చూపు తిప్పేసుకున్నాను.

సముద్రంలో ఆపదలో పడ్డవాళ్లు సైగకు వెలిగిస్తారే, ఆ మతాబుల పని మాది. మందు ఎంత వేడిగా మండుతుంది, పుట్టిన వెలుగులో ఎంత బయటికొస్తుంది, మంటలోని ఆవిరే ఎంత మింగేస్తుంది అని లెక్కకట్టి, అది నిజమో కాదో చీకటి గదిలో కాల్చి చూసుకునేవాళ్లం. నాకు మంట పక్కన నిలబడటమంటే పిచ్చి, కాగితం మీద లెక్కలు చేసేవాళ్లను పంతుళ్లని వెక్కిరించేవాణ్ని.

నన్ను చదివించింది మాణికేశ్వర్ నగర్‌లో ఉండే మా మేనత్త. పిల్లలు లేని మనిషి, హాస్టల్‌లో వంట చేసేది, పావలాకాసంత ఎర్రటి బొట్టు లేనిదే గడప దాటేది కాదు. రోజంతా నేనేం తగలబెడుతున్నానో చూస్తానని పట్టుబడితే, ఓ మధ్యాహ్నం మా సారును బతిమాలి లోపలికి తీసుకెళ్లాను. కిటికీలు మూసి, సోడియం ఉప్పు దండిగా కలిపిన మందు అంటించాం. ఆ వెలుగులో పసుపు తప్ప వేరే రంగు ఉండదు కాబట్టి ఎరుపంతా నల్లగా కనబడుతుంది, ముఖాల్లో నెత్తురు ఛాయ పోతుంది. ఇది నాకు కంఠతా వచ్చిన పాఠమే.

"అయ్యో బిడ్డా, నీ మొకంల నెత్తురు లేదేందిరా!" అని అత్త నా చేయి పట్టుకుంది. నవ్వుతూ ఆమె వైపు తిరిగాను, తిరిగినవాణ్ని నవ్వు మరిచిపోయాను. పెదవులు నల్లబడ్డాయి, నుదుటి మీద బొట్టు కాలిన మచ్చలా ఉంది, కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి. పాడె మీది మనిషి లేచి నన్ను పలకరించినట్టే అనిపించింది.

బయటికి రాగానే, "ఆ మంట కాడ నిలబడకు కొడుకా, నీకు దండం పెడత" అని ఏడ్చింది. సరేనన్నాను. ఆనాటి నుంచి లెక్కల బల్లకే అతుక్కుపోతే, అత్త మాట జవదాటని పిల్లవాడని అందరూ మెచ్చుకున్నారు, ఆమె కూడా వాడకట్టంతా చెప్పుకుని మురిసిపోయింది. ఆ ముఖం మళ్లీ చూడాల్సి వస్తుందేమోనన్న భయంతో పారిపోయానని ఎవరికి చెప్పుకోను?

అత్త ఆ తర్వాత చాలా ఏళ్లు నిక్షేపంగా బతికి, ఓ పట్టపగలు నిద్రలోనే పోయింది. ఇప్పటి పిల్లలకు వేడి తగలకుండానే లెక్క తేలిపోతోంది, అదృష్టవంతులు; మాకేమో ప్రతిదీ కళ్లారా చూస్తే గానీ తృప్తి ఉండేది కాదు. నవ్వుతూ అన్నం వడ్డించే అత్తను తలుచుకుందామని కళ్లు మూసుకుంటాను. ఎంతసేపు చూసినా ఆ బొట్టు ఎర్రబడదు.