అద్దం ఇవతలి ఎండ

మా ఇంట్లో ఉడుము ఉందంటే ముందు అందరూ పోలీసుల గురించే అడుగుతారు. మన అడవుల ఉడుమును పెంచడం నేరమే. మాది ఆఫ్రికా జాతిది, కాగితాలతో సహా వచ్చింది. రాయపూర్ దగ్గర మా స్మృతి నగర్‌లో ఈ మాట ఇంటింటికీ చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది.

నాన్న ఇక్కడి ఉక్కు ప్లాంటులో వెల్డరుగా రిటైరయ్యారు. ఉడుము వచ్చిన రోజే వేడి బల్బు ఎంత ఎత్తున కట్టాలో చెప్పబోయారు. నేను అన్నీ చదువుకున్నాననీ, ఇందులో తల దూర్చొద్దనీ కసిరాను. నాకు ఆ పొగరు ఉంది, దాచడమెందుకు? వెచ్చదనానికి బల్బు, ఎండకి తూర్పు కిటికీ, ఎముకలకి బొద్దింకల మీద చల్లే కాల్షియం పొడి. ఎండ ఉండగా ఇంకో దీపం దండగని కూడా తేల్చేశాను.

డిసెంబరు వచ్చేసరికి అది నడవడం మానేసింది. ఉడుంపట్టు అని పేరు మోసిన జంతువు చెక్కముక్కను కూడా పట్టుకోలేక జారిపోయేది. బొద్దింకను నమలలేక వదిలేసేది. కింది దవడ వేలితో తాకితే మెత్తగా ఒంగింది. రాయపూర్‌లో పశువుల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇలాగే ఉంటే బతకదన్నారు. పొడి తిన్నా ఒంటికి పట్టడం లేదు, ఎండ తగులుతోందా అని అడిగారు. రోజూ పొద్దుటెండలోనే ఉంటుందని ఘంటాపథంగా చెప్పాను.

ఇంటికొచ్చి ఉడుము పెట్టె పక్కన కూలబడి ఏడ్చాను. నాన్న పీట లాక్కుని కూర్చుని, కిటికీ వంక చాలాసేపు చూశారు.

"ఈ అద్దం ఎప్పుడైనా తీసినావేటే?"

చలికాలం ఎలా తీస్తామన్నాను.

"పక్కోడి వెల్డింగ్ ఆర్క్ మంట కళ్ళకి కొట్టకుండా మేం తెల్లద్దాలు పెట్టుకునీవోళ్ళం. వెలుగు లోపలికి వొచ్చీసీది. కాల్చీది మాత్రం బయటే ఆగిపోయీది. నీ ఉడుముకి కావలసింది ఆ కాల్చీదే కాదేటి?"

ఇది నేను చదవలేదా? చదివాను. మా కిటికీది కూడా అద్దమేనని తట్టలేదు, అంతే. ఫోన్ చేస్తే డాక్టరు కూడా అదే అన్నారు. ఎముకలకి పనికొచ్చే కిరణాలు అద్దం దాటవట, ఎండ నేరుగా తగలాలట, ఎండ లేని రోజుల్లో అతినీలలోహిత దీపం తప్పదట. కొన్నాళ్ళు కాల్షియం మందు నోట్లో చుక్కలుగా వేయమన్నారు.

మర్నాడు నాన్న అటక మీంచి మొహానికి అడ్డం పెట్టుకునే పాత వెల్డింగ్ శీల్డు దించారు. సెక్టర్ 2లో ఉండే స్నేహితుణ్ణి అడిగి మిషను తెచ్చి, పెరట్లో ఇనప జాలీ పంజరం వెల్డింగ్ చేశారు. మరీ వేడెక్కితే ఉడుము జరగడానికి సగం మీద గోనెపట్టా కప్పారు. శీల్డు వెనకాల ఆయన ఈల వేస్తుంటే అమ్మ వంటిల్లు వదిలి వచ్చి చూసింది. నేను నోరు మూసుకుని, అడిగినప్పుడల్లా రాడ్డు అందించాను. చాలా హాయిగా అనిపించింది.

కొన్ని వారాలకు కాళ్ళ వణుకు తగ్గింది. తర్వాత పొట్ట నేలకి ఆనకుండా నడిచింది. దవడ సంగతే తేలలేదు. మెత్తటి ముక్కలే తినిపిస్తూ వచ్చాం.

ఫిబ్రవరిలో ఒకరోజు నాన్న చేత్తోనే బొద్దింకను అందించారు. పటకారుతో పెట్టమని నేను నెత్తీ నోరూ బాదుకుని చెబుతూనే ఉన్నాను. ఉడుము బొద్దింకతో పాటు ఆయన బొటనవేలు కూడా కరిచి పట్టేసింది. రక్తం కారుతోంది, అది వదలదు, నాన్న కళ్ళలో నీళ్ళు. విడిపించబోతే రెండో చేత్తో నన్ను ఆపారు.

"ఉండవే, ఉండు," అన్నారు నవ్వుతూ. "దవడ గట్టిపడిందే."