గొంతు పోతుందని ముందే చెప్పాలి

ప్రతి శనివారం ఉదయం నా ల్యాప్‌టాప్‌లో టింగుమని శబ్దం మొదలవుతుంది. ఒక్కో రోగీ ఆన్‌లైన్ తరగతిలోకి వచ్చినప్పుడల్లా ఒక టింగు. కొందరి వెనక కుక్కర్ కూత, కొందరి వెనక గుడి మైకు. ఆ చప్పుళ్ళు వినగానే సలోమీ సిస్టర్ గుర్తొస్తారు. ఆవిడతోపాటు చల్లారని కోపమూ వస్తుంది. బెంగళూరులోని మా క్యాన్సర్ ఆసుపత్రి గేటు పక్కన ఇప్పుడు పెద్ద హోర్డింగు ఉంది. ఆపరేషన్‌కు ముందే ఇంటి దగ్గర శిక్షణ అని రాసి, నవ్వుతున్న మోడల్ బొమ్మ వేశారు. ఆ శిక్షణ కోసం మాటలు పడ్డ మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఆవిడది ఒంగోలు దగ్గర ఊరు. నర్సుగా తల నెరిసిన మనిషి. నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం మానేసి, రోగులకు వీడియోలు తయారుచేసే విభాగంలో ఆవిడ కింద చేరాను. అప్పటికి మా వీడియోల్లో పూలకుండీలు, వీణ సంగీతం, ధైర్యంగా ఉండండి అనే మాట తప్ప పనికొచ్చేదేమీ లేదు. ఆ రోజుల్లోనే కాటన్‌పేట బట్టల వ్యాపారి మునివెంకటప్పకు క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసేశారు. మెలకువ వచ్చాక ఆయన నోరు తెరిచాడు, శబ్దం రాలేదు. మత్తు దిగితే వస్తుందనుకున్నాడు. మేము వెళ్ళేసరికి మంచం కమ్మీని అరచేత్తో కొడుతున్నాడు.

ఆయన భార్య మమ్మల్ని వరండాలోకి పిలిచింది. "గడ్డ తీస్తామన్నారు గానీ మాట పోతాదని ఎవురూ అర్థమయ్యేటట్టు చెప్పలేదమ్మా. చెప్పింటే మనవరాలితో నాలుగు మాటలు మాట్లాడుకొని వచ్చేవాడు. ఆపరేషన్‌కి తీసకపోయేటప్పుడు బండి తోసేవాడితో 'మెల్లగా అప్పా' అన్యాడు. అదే ఆకరు మాట."

సిస్టర్ అక్కణ్ణుంచి నేరుగా మేనేజర్ గదికి నడిచారు. నేను వెనకే వెళ్ళాను.

"డాక్టర్ గారు చెప్పే ఉంటారు సిస్టర్, సంతకం కూడా ఉంది," అన్నాడాయన.

"అర్థమైందా అని ఎవరైనా అడిగారా సార్?"

"అవన్నీ వివరంగా చెబితే పేషెంట్లు భయపడి వేరే ఆసుపత్రికి పోతారు."

"భయపడేది వాళ్ళు. గొంతు పోయేది వాళ్ళది. దాచిపెట్టడానికి మనమెవరం?"

ఆయన ఫోన్ అందుకున్నాడు, ఇక వెళ్ళండి అన్నట్టు. ఒక మనిషి గొంతు కంటే ఆసుపత్రి పేరే ముఖ్యమైన ఆ క్షణాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ శనివారమే సిస్టర్, ఆపరేషన్ కావాల్సిన రోగులకు వీడియో కాల్‌లో తరగతి పెట్టారు. అదే ఆపరేషన్ అయిన ఒక పెద్దాయనను పిలిచారు. ఆయన చిన్న యంత్రం మెడకు ఆనించి, గరగరమనే గొంతుతో పలకరించాడు. తెర మీద ఎవరూ కదల్లేదు. చివరికి వర్తూరు నుంచి ఒకావిడ అడిగింది, "దాంతో కోపంగా కూడా మాట్లాడొచ్చా అప్పా?" ఆయన నవ్వాడు. "మా ఇంటామెను అడుగమ్మా. దానికే ఎక్కువ వాడతాండాను." అప్పుడందరూ కదిలారు. ఊపిరి కోసం మెడకు పెట్టే రంధ్రంతో స్నానమెలా, తిండెలా, ముందునుంచీ ఊపిరి కసరత్తులెందుకని ప్రశ్నలు ముంచెత్తాయి. వర్తూరు ఆవిడ ఆపరేషన్‌కు ముందు, కాన్పుకు రావాల్సిన కూతురి బిడ్డ కోసం ఫోన్లో లాలిపాటలు పాడి దాచింది.

మేనేజర్ ఆ తరగతి రికార్డింగును తీసేయించాడు. సిస్టర్‌ను రోగులకు దూరంగా మందుల స్టోరుకు మార్చారు. కొన్నాళ్ళకు ఆవిడ ఉద్యోగం వదిలి ఊరికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత రోగుల ఇళ్ళవాళ్ళే వచ్చి ఆ తరగతి ఏదని నిలదీశారు. అప్పుడు గానీ ఆసుపత్రికి దాని విలువ తెలియలేదు. తెలిశాక, తమ ఆలోచనే అని చెప్పుకుంది.

ఇప్పుడు తరగతి నేను నడుపుతున్నాను. మాటలు కాస్త మెత్తగా ఉండాలని పైనుంచి ఇప్పటికీ సందేశాలు వస్తుంటాయి. నేను జవాబివ్వను. వెళ్ళేముందు సిస్టర్ నాకు చెప్పింది ఒక్కటే: "ఉన్నది చెప్పు. చెప్పాక నోరు మూసుకో. వెంటనే ఓదార్చావంటే అది నీ భయం తీర్చుకోవడానికే."

మొన్న ఒక ఆటో డ్రైవరుకు చెప్పాను, ఆపరేషన్ తర్వాత మీ గొంతు ఉండదని. ఆయన కెమెరా ఆపేశాడు. నేనేమీ అనలేదు. చాలాసేపటికి ఆయన ముఖం మళ్ళీ కనిపించింది, కళ్ళు తుడుచుకున్న గుర్తులతో.

"ఇంకా ఏమేముండాదో చెప్పండి మేడం," అన్నాడు. "అంతా వింటాను."