బంతుల్లో పడిన చెవి

ఆమె పని బంతులు కడగడం.

నగరంలో ఒక పాత వ్యాపార భవనం నాలుగో అంతస్తులో పిల్లల ఆటల హాలు ఉంది. పైన రేకుల కప్పు. లోపల జారుడుబల్లలు, తాడు నిచ్చెనలు, గాలి నింపిన రబ్బరు కోట. ఒక మూల బంతుల తొట్టి. ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు. అందులో ఇరవై వేల ప్లాస్టిక్ బంతులు. అయిదేళ్ల పిల్ల నిలబడితే ఛాతీదాకా వస్తాయి.

సోమవారం హాలుకు సెలవు. ఆ రోజు ఆమె వల సంచుల్లోకి బంతులు ఎత్తుతుంది. సబ్బునీళ్లలో కడుగుతుంది. ఆరబెట్టి మళ్లీ తొట్టిలో పోస్తుంది. సంచికి నాలుగు వందల బంతులు, వారానికి పది సంచులు. అయిదు వారాలకు తొట్టి మొత్తం ఒకసారి కడిగినట్టు. ఆరో వారం మళ్లీ మొదటి మూల నుంచి. తొమ్మిదేళ్లుగా ఇంతే.

పిల్లలు ఆమెను బంతులత్త అంటారు. మొదట ఎవరో ఒకరు అన్నారు, తర్వాత అందరూ అన్నారు. జీతం చీటీలో వేరే పేరు ఉంది. ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ.

తొట్టి అడుగున దొరికేవాటి కోసం ఆమె ఒక అట్టపెట్టె పెట్టుకుంది. ఒంటి మేజోళ్లు, జడపిన్నులు, చొక్కా గుండీలు, పాలపళ్లు. పాలపన్ను పోయిందని ఎవరూ వచ్చి అడగరు. అయినా పారేయదు.

అంతకుముందు పన్నెండేళ్లు నూలు మిల్లులో చేసింది. అక్కడ యంత్రాల హోరులో మాట వినపడేది కాదు. పెదవులు చూసి మాట్లాడుకునేవాళ్లు. ఆ అలవాటు ఆమెకు పోలేదు. ఎవరు మాట్లాడినా ఆమె చూపు వాళ్ల నోటి మీదే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు మేనేజరు ఆమెను చూపించి, "అత్త ఎంత శ్రద్ధగా వింటుందో చూసి నేర్చుకోండి" అనేవాడు. ఇంట్లో కూతురు మాత్రం టీవీ దగ్గరికి వెళ్లి, "అమ్మా, పక్క వీధికి కూడా నువ్వే వినిపిస్తున్నావా?" అని శబ్దం తగ్గించేది. ఆమె మళ్లీ పెంచుకునేది.

వాన పడితే హాలు నిండుతుంది. రెండు గదుల ఇళ్లలో పిల్లలు ఇల్లు పీకి పందిరి వేస్తారు. పెద్దవాళ్లు కొంతసేపు ఓర్చుకుంటారు. రంగు పెన్సిళ్లు, మంచం కింద దాగుడుమూతలు, దుప్పటితో గుడారం. ఆ తర్వాత దిండ్ల యుద్ధం, ఒక ఏడుపు, ఒక దెబ్బ. పదకొండు దాటేసరికి అందరికీ ఓపిక అయిపోతుంది. గొడుగులు వేసుకుని ఇక్కడికి వస్తారు.

ఆ ఆదివారం వాన పట్టి మూడో రోజు. లోపల తొంభైమంది పిల్లలు. బయట మెట్ల మీద వరస.

పన్నెండున్నరకు తొట్టి అంచున ఒక తల్లి మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో బంతులు తోస్తోంది. పక్కన అయిదేళ్ల పాప కుడి చెవి మీద అరచెయ్యి పెట్టుకుని నిలబడింది. బంతులత్త వాళ్ల దగ్గరికి వెళ్లింది.

"ఏం పోయిందమ్మా?"

"దీని చెవి మిషను అక్కా. చెవి వెనక పెట్టుకునేది. ఇప్పటిదాకా ఉంది. అటు తిరిగి ఇటు తిరిగేసరికి లేదు."

"ఎంత ఉంటుంది?"

తల్లి తన చిటికెన వేలిని సగం దగ్గర పట్టుకుని చూపించింది.

"రెండో చెవిది ఉందిగా?"

"రెండో చెవి అసలు పనిచేయదు. దీనికి ఉన్నదంతా అదే. పదకొండు నెలలు ఆస్పత్రి చుట్టూ తిరిగితే వచ్చింది. వచ్చి రెండు నెలలు కాలేదు. ఇప్పుడిప్పుడే నోట్లోంచి మాటలు వస్తున్నాయి." తల్లి మళ్లీ బంతుల్లోకి చేతులు దించింది. "మళ్లీ మొదటికొస్తుంది."

తొట్టిలో పాతికమంది పిల్లలు గెంతుతున్నారు. అందులో ఒక్క కాలు మిషను మీద పడితే చాలు.

బంతులత్త అంచు మీదికెక్కి చేతులు చాచింది.

"పిల్లలూ, అందరూ బయటికి. గెంతొద్దు, పరిగెత్తొద్దు. పాదం ఎత్తకుండా నేల మీద జరుపుకుంటూ రండి. ఎవరు అందరికంటే నెమ్మదిగా వస్తారో చూస్తాను."

పాతికమందీ ముసలివాళ్లలా నడుస్తూ బయటికొచ్చారు. ఆమె వల తలుపు మూసి తాడు కట్టింది.

మేనేజరు పరుగున వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి అతనికి. వాన రోజుల్లో అతని చొక్కా చెమటతో తడుస్తుంది.

"అత్తా, తొట్టి మూశారేంటి? బయట నలభైమంది నిలబడ్డారు."

"పాప చెవి మిషను పడిపోయింది బాబూ. దొరికేదాకా తెరవను."

"ఇరవై వేల బంతుల్లోనా? రేపు ఎలాగూ సోమవారం. కడిగేటప్పుడు చూడండి."

"రేపటికి పొడి మిగులుతుంది. సాయంత్రంలోపు ఎన్ని కాళ్లు పడతాయో నీకు తెలుసు."

"పోయిన వస్తువులకు మన బాధ్యత లేదని గోడ మీద రాసే ఉంది."

"తెలుసు. ఆ బోర్డు తుడిచేది నేనే."

తల్లి లేచి నిలబడింది. "అక్కా, అది ఎక్కడైనా మూసుకుపోతే కూస్తుంది. గుప్పిట్లో పెట్టినా, దిండు కింద పడినా కీమంటుంది. ఇంట్లో పోతే అలాగే వెతుక్కుంటాం."

"ఇప్పుడు కూడా కూస్తుంటుందా?"

"బ్యాటరీ ఉన్నంతసేపూ."

బంతులత్త మేనేజరు వైపు తిరిగింది. "అయిదు నిమిషాలు హాల్లో చప్పుడు ఉండకూడదు."

అతను నవ్వాడు. "ఇక్కడా? కాకుల్ని కూయొద్దన్నట్టుంది మీ వరస."

ఆమె వెళ్లి పాటలు ఆపింది. రబ్బరు కోటలోంచి పిల్లల్ని దింపి, గాలి కొట్టే యంత్రం ఆపింది. కోట బురుజులు ఒకదాని మీద ఒకటి వాలి కూలబడ్డాయి. అదే వింతగా ఉంది పిల్లలకు. అందరూ చుట్టూ చేరారు. ఆమె కుర్చీ ఎక్కింది.

"ఇప్పుడొక ఆట. నోరు తెరిచినవాళ్లు ఓడిపోయినట్టు. ఓడనివాళ్లు ఈ కూలిన కోట మీద దొర్లొచ్చు."

తొంభై నోళ్లు మూతపడ్డాయి. ఎవరి తండ్రిదో ఫోను మోగితే అందరూ ఒక్కసారి తిరిగి అతన్ని కొరికేసేటట్టు చూశారు. అతను ఫోను జేబులో కుక్కుకుని బయటికి నడిచాడు.

అప్పుడు రేకుల మీద వాన వినిపించింది. పొద్దున్నుంచీ అంత జోరుగానే పడుతోంది. పిల్లల గోలలో ఎవరికీ తెలియలేదు. తల్లి తొట్టి చుట్టూ వంగి వంగి తిరిగింది. తల అడ్డంగా ఊపింది. ఆ హోరులో కీమన్న చప్పుడు తేలదు.

"చూశారుగా," అన్నాడు మేనేజరు. "ఇక తెరిచేయండి అత్తా."

"వాన ఇక్కడే ఉంది. కింద మెట్ల మలుపులో లేదు. అక్కడ పైన సిమెంటు కప్పు. సంచుల్లోకెత్తి, కిందికి తీసుకెళ్లి, ఒక్కో సంచీ వింటాను."

"యాభై సంచులు!"

"యాభయ్యే."

"జనం నా మీద పడతారు."

"నా పేరు చెప్పు."

"ఏ పేరు?"

"రెండూ చెప్పు."

మెట్ల మీది వరసను లోపలికి పిలిపించి, ఆమె ఒక మూల నుంచి మొదలుపెట్టింది. తొట్టిలోకి దిగలేదు. అంచున బోర్లా పడుకుని పై వరస బంతులు చేతులతో సంచిలోకి లాగింది. తల్లి సంచి మూతి పట్టుకుంది. నిండిన సంచిని భుజాన వేసుకుని బంతులత్త మెట్లు దిగింది. మలుపులో తలుపు మూసి, సంచికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని పదిదాకా లెక్కపెట్టింది. లేదు. గోడవైపు తోసింది. మళ్లీ పైకెక్కింది.

నాలుగో సంచి దగ్గర ఒక తాతయ్య ముందుకొచ్చాడు. అతని వెంట రెండు జడల మనవరాలు. ఆరేళ్లుంటాయి.

"ఇటివ్వమ్మా సంచి. మూడు రోజులుగా దీన్ని వీపు మీద మోస్తున్నాను, గుర్రం ఆట అని. బంతులు నయం, డొక్కలో తన్నవు."

"నువ్వు సరిగ్గా పరిగెత్తవు తాతయ్యా, అందుకే తంతాను," అంది మనవరాలు.

తర్వాత ఇద్దరు తండ్రులు వచ్చారు. కొందరు విసుక్కుంటూ గొడుగులు తీసుకుని వెళ్లిపోయారు. ఒకాయన మేనేజరు దగ్గర గొంతు పెంచాడు. "పిల్లల్ని ఆడించుకుందామని వచ్చామా, మూటలు మొయ్యడానికి వచ్చామా?" ఆయన కొడుకు అప్పటికే అంచున బోర్లా పడుకుని సగం సంచి నింపాడు. రమ్మంటే రానన్నాడు. "నాకింకా నూటయాభై ఉన్నాయి నాన్నా, లెక్క పోతుంది, మాట్లాడకు."

కాసేపటికి తొట్టి నాలుగు వైపులా పిల్లలు వరసగా పడుకుని బంతులు ఏరుతున్నారు. పెద్దవాళ్లు సంచులు దింపుతున్నారు. బంతులత్త మలుపులోనే కూర్చుండిపోయింది. ప్రతి సంచికీ చెవి ఆనించడం, కళ్లు మూసుకోవడం, పది లెక్కపెట్టడం. "లేదు." గోడకు తోయడం. రెండయింది. రెండున్నరయింది. ఇరవై ఆరు సంచులు.

పైనుంచి తల్లి ప్రతిసారీ వంగి చూసేది. ఈమె తల అడ్డంగా ఊపేది. తల్లి మళ్లీ లోపలికి పోయేది.

రెండు జడల పిల్ల తాతయ్య వెనకే దిగి, విన్న సంచుల గుట్ట మీదికెక్కి కూర్చుంది.

"దిగమ్మా, బంతులు పగులుతాయి."

"అత్తా, ఈ మూట ఏడుస్తోంది."

బంతులత్త లేచి ఆ సంచికి చెవి ఆనించింది. ఏమీ లేదు.

"ఆటలు తర్వాత తల్లీ. పనుంది."

"నిజంగా! కీ అంటోంది. తాతయ్యా, నువ్వు విను."

తాతయ్య నడుం పట్టుకుని వంగాడు. "నాకు నా మోకాళ్ల చప్పుడే వినిపిస్తోంది."

"మీ ఇద్దరికీ చెవుల్లేవు!" అంది పిల్ల, కోపంగా.

బంతులత్త కాసేపు ఆ పిల్ల నోటి వైపు చూసింది. తర్వాత ఆ పిల్లను ఎదుటి గోడవైపు తిప్పి నిలబెట్టింది. సంచులను అటూ ఇటూ మార్చింది. ఏడుస్తోందన్న సంచిని మరో మూడింటి వెనక పెట్టింది. "ఇప్పుడు చెప్పు."

పిల్ల వచ్చి ఒక్కో సంచి మీదికీ వంగింది. ఇది కాదంది. ఇదీ కాదంది. వెనకనున్న దాని మీద చెయ్యి వేసింది. "ఇదే. చోటు మారిస్తే నోరు మూసుకుంటుందా?"

మళ్లీ మార్చింది. మళ్లీ అదే సంచి.

బంతులత్త మెట్టు మీద కూర్చుంది. పన్నెండేళ్లు మిల్లు, తొమ్మిదేళ్లు ఈ హాలు. ఇరవై ఆరుసార్లు ఆమె ఏమీ వినలేదు. లేదని చెప్పింది. యాభై సంచులూ అయ్యాక ఆ తల్లితో కూడా లేదనే చెప్పి ఉండేది. రేపు పొద్దున ఈ సంచిని తన చేతులతోనే సబ్బునీళ్లలో ముంచి ఉండేది.

ఎక్కువసేపు కూర్చోలేదు. పైకెళ్లి అందరి ముందూ తల్లితో అంది. "నా చెవులు పనికిరావమ్మా. ఇన్నిసార్లూ నేను విన్నది వినడం కాదు. ఈ పిల్ల విన్నది. నువ్వొచ్చి విను."

తల్లి పాపను చంకనేసుకుని కిందికి వచ్చి సంచికి చెవి ఆనించింది. అవునని తల ఊపింది. మలుపులో దుప్పటి పరిచి బంతులు మెల్లగా పోశారు. రెండు జడల పిల్ల ఒక ఆకుపచ్చ బంతిని పట్టుకుని ఊపింది. లోపల గలగలమంది.

బంతికి ఒక పక్క చీలిక ఉంది. నొక్కితే నోరు తెరుస్తుంది, వదిలితే మూసుకుంటుంది. తొట్టిలో ఎవరి మోకాలో నొక్కినప్పుడు అది తెరుచుకుని మిషనును మింగింది.

"పగిలిన బంతులు ఏరేది కూడా నేనే," అంది బంతులత్త. "ఇది పోయిన సోమవారమే తీసేయాల్సింది. తప్పు నాది."

తల్లి బొటనవేళ్లతో చీలిక విడదీసి మిషను బయటికి తీసింది. చేతిరుమాలుతో తుడిచి పాప చెవికి పెట్టింది. పాప కళ్లు రెండుసార్లు ఆర్పింది. తల పైకెత్తింది. పైనుంచి పిల్లల కేకలు.

"పైన," అంది పాప.

"అవును, పైనే," అంది తల్లి. ఆ మాట మూడుసార్లు అంది.

మేనేజరు మెట్ల మీదినుంచి తొంగిచూశాడు. "ఇప్పుడైనా తెరవొచ్చా అత్తా?"

"ఏరిన పిల్లలే పోస్తారు. పోశాక తెరుస్తాను. ఒక్కో సంచి పోసే ముందు పగిలినవి తీసేద్దాం."

పోయడం ఏరడం కంటే బాగుంది పిల్లలకు. సంచులు అంచు మీదినుంచి బోర్లించారు. పగిలినవి అరవై మూడు దొరికాయి. నాలుగయ్యేసరికి తొట్టి నిండింది.

పాప తొట్టి వైపు లాగుతోంది. తల్లి ఆమె చెయ్యి వదల్లేదు. "వద్దు. ఇక ఇంటికి పోదాం."

"ఈ వానలో ఇంటికెళ్లి ఏం చేస్తారు?" అంది బంతులత్త. "మిషను తీసి నాకివ్వు. ఆడినంతసేపూ పట్టుకుంటాను."

"అది లేకపోతే దీనికేమీ వినపడదక్కా."

"బంతుల్లో వినాల్సిందేమీ లేదు. దూకడమే."

తల్లి పాప చెవినుంచి మిషను తీసింది. దాని అడుగున చిన్న మూత చూపించింది. "ఇది తెరిస్తే ఆగిపోతుంది. కూయదు."

"కూయనీ. కూస్తుంటే నా దగ్గరే ఉన్నట్టు."

గుప్పిట మూసింది. పాప అంచునుంచి దూకి బంతుల్లో మునిగి, తల పైకెత్తి నవ్వింది.

"మీరు కూడా చెవులు చూపించుకోండి అక్కా," అంది తల్లి. "ఆస్పత్రిలో పొద్దున ఏడింటికల్లా వరసలో నిలబడాలి. నేను తీసుకెళ్తాను."

"రేపు బంతులు కడగాలి. ఎల్లుండి పోదాం."

ఇద్దరూ తొట్టి పక్కన నిలబడ్డారు. కాసేపటికి బంతులత్త గుప్పిటను తల్లి చెవి దగ్గరికి ఎత్తింది.

"ఉందా?"

"ఉంది."

ఆమె చెయ్యి దించింది. పాప మళ్లీ అంచు ఎక్కుతోంది. ఇంకొంతసేపటికి మళ్లీ ఎత్తింది.