ఆపరేటర్ కాక చూపించిన ఏడో సినిమా

ఆపరేటర్ కాక పోయాడని బస్సు మునగాల దాటాక తెలిసింది. నడిగూడెంలో బడికి వెళ్తూ, సీటు దొరక్క కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాను. మిర్యాలగూడ నుంచి మా సినిమా జట్టులోని రైస్ మిల్లు గుమాస్తా ఫోన్ చేశాడు. "సార్, మన కాక పోయిండట గదా. పొద్దుగాల ఛాతిల నొప్పి లేస్తే దవాఖానకు తీస్కపోయిన్రట, ఆడికి పోయేసరికే ఖతమైండట. మీ ఊరే గదా, మీకు తెల్వదా?" అన్నాడు. నాకు తెలియదు. సూర్యాపేటలో మా ఇంటికీ కాక ఇంటికీ మధ్య నాలుగు వీధులే. మిర్యాలగూడ దాకా వెళ్ళిన కబురు ఆ నాలుగు వీధులు దాటి నా దగ్గరికి రాలేదు. రాకపోవడానికి కారణం నేనే, అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆయన మా ఊరి టాకీసులో ముప్పై ఏళ్ళు ప్రొజెక్టర్ నడిపిన మనిషి. నాకు చుట్టం కాదు. చదువుకునే రోజుల్లో కాక అని పిలవడం మొదలుపెట్టాం, నెత్తి నెరిసినా ఆ పిలుపు మారలేదు. టాకీసు మూతపడి ఫంక్షన్ హాలు అయ్యాక ఆయన అక్కడే వాచ్‌మన్‌గా కుదిరాడు. ప్రొజెక్టర్ గదిలో ఇప్పుడు పెళ్ళి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి.

మమ్మల్ని కలిపింది ఒక సినిమా దర్శకుడు. పేరు చెప్పను, చెబితే ఇది ఆయన గురించి అయిపోతుంది. ఎవరి మాటా వినడు. పాటలుండవు, ఫైట్లుండవు, హీరో ఇంటర్వెల్ ముందు వస్తాడో తర్వాత వస్తాడో దేవుడికే తెలియాలి. ఇప్పటికి తొమ్మిది సినిమాలు తీస్తే వాటిలో రెండో మూడో ఆడాయి. అయినా మాకు ఆయనంటే పిచ్చి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో కలిపి ఓ ముప్పై మందిమి ఉంటాం. ఆయన సినిమాలను పేర్లతో పిలవం, నంబర్లతోనే పిలుస్తాం. ఒకటోది, నాలుగోది, ఏడోది అంటూ మేము గొంతులు చించుకుంటుంటే హోటల్లో పక్క బల్లవాళ్ళు బస్సు నంబర్ల గురించి కొట్లాడుకుంటున్నాం అనుకునేవాళ్ళు.

కొత్త సినిమా వచ్చినప్పుడల్లా ఒక్కో ఊరిది వంతు. అందరం ఆ ఊళ్ళో మార్నింగ్ షో చూసి, ఏదో ఒక హోటల్ మేడ మీద చేరి, అన్నిటిలోకీ గొప్పది ఏది, చెత్తది ఏది అని తేల్చుకోవాలి. ఇంతవరకు తేలింది లేదు. ఆ వాదాలకు ఒక నియమం పెట్టింది కాకే. ఏదైనా సినిమాను చెత్త అన్నవాడు, అందులో బాగున్నది ఒక్కటైనా చెప్పనిదే కుర్చీలోంచి లేవకూడదు. కోదాడలో మెడికల్ షాపు నడిపే ఆయన ఒకసారి మూడోదాన్ని చెత్త అని, మెచ్చుకోవడానికి ఏమీ దొరక్క గంటసేపు అలాగే కూర్చున్నాడు. చివరికి "అందులో కుక్క బాగా చేసిందండీ" అని లేచిపోయాడు. కాక కళ్ళద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకునేంత నవ్వాడు. "కుక్కతోని చేయించుడు అల్కటి పనా? మనతోని చేయించుమను సూద్దాం" అన్నాడు.

తను మాత్రం అందరూ అయ్యాకే మాట్లాడేవాడు. అదీ రెండు ముక్కలు. టాకీసులో ఎప్పుడూ కూర్చుని సినిమా చూడలేదు. టాకీసు మూతపడ్డాక కూడా వేరే హాళ్ళకు టికెట్ కొనుక్కుని వెళ్ళి వెనక గోడకు ఆనుకుని నిలబడేవాడు. కూర్చోరాదా కాకా అంటే "సీట్ల కూసుంటే తెర ఒక్కటే కనవడతది బిడ్డా. నాకు మనుషులు కనవడాలె" అనేవాడు. ముప్పై ఏళ్ళు ఆ గది కిటికీలోంచి ఆయన చూసింది మా తలకాయలనే. ఏ సీనుకు ఎంతమంది బయటికి లేస్తారో, ఎక్కడ ఏడుస్తూ ఏడవనట్టు దగ్గుతారో ఆయనకు తెలుసు. ఎవరైనా సినిమా బాగాలేదంటే "నాకు అందలేదను, సరిపోతది" అనేవాడు. పిల్లల జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఆ మాట నాకు చాలాసార్లు గుర్తొచ్చేది. గుర్తొచ్చినా నేను సున్నాలు వేయడం మానలేదు.

ఇక ఏడోది. ఇరవై ఏళ్ళ కిందటి సినిమా. ఆ ఒక్కదానికి వంతు కుదరక ఎవరి ఊళ్ళో వాళ్ళమే చూశాం. తొమ్మిదింటిలోనూ అదే గొప్పదని సూర్యాపేటవాళ్ళం, అంత చెత్త ఇంకొకటి లేదని కోదాడవాళ్ళూ మిర్యాలగూడవాళ్ళూ. దానిలో ఒక లారీ డ్రైవరు ఉంటాడు. ఇంటి దగ్గర చిన్న కొడుకు. సినిమా ముప్పాతిక అయ్యాక, డ్రైవరు ఏదో ఊరి బస్టాండులో నల్లా దగ్గర కూర్చుని పిల్లవాడి బూట్లు కడుగుతుంటాడు. పది నిమిషాల పాటు మాటల్లేవు, సంగీతం లేదు. ఎందుకు కడుగుతున్నాడో మాకు తెలియదు. కొందరు ఈలలు వేశారు, ఒకడు సబ్బు కావాలా అని అరిచాడు. ఆ తర్వాత, కొడుకు చనిపోయాడన్న కబురు డ్రైవరుకు అందిన సీను వచ్చింది. అది ముందే జరిగిందని, బూట్లు అందుకే కడిగాడని అప్పుడు అర్థమైంది. ఈలలు వేసినవాళ్ళెవరూ కిక్కురుమనలేదు. ఆట వదిలాక కూడా జనం టాకీసు ముందు ఊరికే నిలబడ్డారు. నేను మూడు వారాల్లో నాలుగుసార్లు చూశాను. మొదటి రోజే చివ్వెంల నుంచి వచ్చి మ్యాట్నీ చూసిన మా మేనమామ కొడుకు మాత్రం "గదేం సినిమా బావా. పోరడు సచ్చిండని తెలిసినంక ఇంగ బూట్లు కడుగుడేంది అంతసేపు. సగం మంది చాయకు లేచిన్రు" అన్నాడు. సినిమా చూడడం చేతగాదు పో అని వాణ్ణి కసిరాను.

రెండేళ్ళ కిందట ఏడోదాన్ని ఫోన్లో చూసుకునేలా ఒక యాప్‌లో పెట్టారు. ఆత్రంగా చూశాను. కొడుకు పోయిన కబురు ముందు వచ్చింది, బూట్లు కడగడం తర్వాత వచ్చింది. యాప్‌వాళ్ళు తప్పుగా పెట్టారనుకున్నాను. కోదాడ మెడికల్ షాపాయనకు ఫోన్ చేస్తే "మేం మొదట్నుంచీ చూసింది ఇదేనండి మాస్టారూ" అన్నాడు. అప్పుడు వెలిగింది. ఆ సినిమా పెట్టెలు మా ఊరికి వేరే ఊళ్ళో ఆడాక బస్సు మీద వచ్చాయి. రెండు రీళ్ళ డబ్బాలకు మూతలు తారుమారై ఉంటాయి. మూత మీద నంబరు చూసి ఎక్కిస్తే, వెనక రావాల్సిన రీలు ముందు ఆడింది. ఇరవై ఏళ్ళు దర్శకుడి గొప్పతనమని మేము వాదించింది అదన్నమాట.

నాలుగు వీధులు నడిచి వెళ్ళి కాకను అడిగితే పోయేది. నేను అలా చేయలేదు. పిల్లవాడు ఒక లెక్క తప్పు చేస్తే వాడి చెవిలో చెప్పకుండా బోర్డు మీద వేసి తరగతంతటికీ చూపించే అలవాటు నాకుంది. ఆ అలవాటే ఇక్కడా చూపించాను. తొమ్మిదోది విడుదలయ్యేదాకా ఆ సంగతి కడుపులో దాచుకున్నాను. ఆసారి మిర్యాలగూడ వంతు. హోటల్ మేడ మీద అందరూ చేరి చాయలు వచ్చాక, ఏ నిమిషానికి ఏ సీనో రాసుకున్న కాగితం తీసి చదివాను. చదివాక కాక వైపు తిరిగి "ఏం కాకా, ఏడోదాంట్ల రీళ్ళు కిందమీదైనయా?" అన్నాను.

కాక చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "మార్నింగ్ షోల అయింది బిడ్డా తప్పు. ఆ తర్వాత..." అని ఏదో చెప్పబోయాడు.

ఆ చెప్పబోయేది ఎవరమూ విననివ్వలేదు. కోదాడాయన బల్ల చరిచి "అంటే ఇన్నేళ్ళూ మీ ఊరోళ్ళు నెత్తిన పెట్టుకుంది డైరెక్టర్ గారి సినిమా కాదన్నమాట! ఆపరేటర్ గారి పొరపాటు!" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. నేను ఇంకొంచెం ముందుకెళ్ళి "డైరెక్షన్, మా కాక" అన్నాను. దానికి ఇంకా నవ్వారు. కాక కూడా నవ్వాడు. కాసేపటికి "బస్సుకు టైమైతున్నది" అని లేచాడు. చాయ్ గ్లాసు సగం అలాగే ఉంది. మేమంతా సాయంత్రం దాకా తొమ్మిదోదాని మీద కొట్లాడుకున్నాం. ఆయన మెట్లు దిగడం నేను చూశాను, చూసి ఊరుకున్నాను. ఆ రాత్రికే మా వాట్సాప్ గ్రూపులోంచి ఆయన నంబరు వెళ్ళిపోయింది. ఫోన్ మార్చి ఉంటాడులే అని ఎవరో రాస్తే, అదే నిజమని నాకు నేను చెప్పుకున్నాను.

మార్నింగ్ షోల అయింది తప్పు. ఆ మాట నన్ను నెల రోజుల తర్వాత పట్టుకుంది. బడిలో పరీక్ష జరుగుతుంటే గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను, ఉన్నట్టుండి మా మేనమామ కొడుకు మాట గుర్తొచ్చింది. వాడు చూసింది మొదటి రోజు మ్యాట్నీ. వాడికి కబురు ముందు వచ్చింది, బూట్లు తర్వాత వచ్చాయి. అంటే కాక మార్నింగ్ షో కాగానే తప్పు తెలుసుకున్నాడు, మ్యాట్నీకి సరిచేశాడు. సరిచేసి, ఆ కిటికీలోంచి జనం చాయకు లేవడం చూశాడు. సాయంత్రం ఆటకు నేను ఉన్నాను. అప్పటికి మళ్ళీ బూట్లే ముందు వచ్చాయి. మూడు వారాలూ అలాగే వచ్చాయి. అది పొరపాటు కాదు. ఆ దర్శకుడి సినిమా జనానికి అందాలని, ఉద్యోగం ఊడినా ఊడనీ అని ఆయన చేతులారా చేసిన పని. ఆ రోజు ఆయన చెప్పబోయింది ఇదే అనుకుంటాను. అనుకోవడమే, అడిగింది లేదు.

ఇంకొక మాట కూడా ఉంది, అది ఇంకా సిగ్గుపడాల్సింది. యాప్‌లో అసలు సినిమా చూసినప్పుడు నాకు నచ్చలేదు. నాకు ఈనాటికీ కాక చూపించిన ఏడోదే ఇష్టం. కాగితం మీద నిమిషాలతో సహా రాసుకున్నవాణ్ణి, ఆ ఒక్క ముక్క మాత్రం ఆ మేడ మీద అనలేదు. అని ఉంటే కాక చాయ్ పూర్తిగా తాగి వెళ్ళేవాడేమో.

వెళ్ళి చెబుదామనే అనుకున్నాను. పదో తరగతి పరీక్షలన్నాను, ఇంటికి రంగులన్నాను, మోకాలి నొప్పన్నాను. కూరగాయల మార్కెట్ దగ్గర ఒకసారి ఎదురయ్యాడు. చేతిలో తోటకూర కట్ట ఉంది. నన్ను చూసి ఎప్పటిలాగే చెయ్యెత్తాడు. నేను బండి మీదున్నాను. ఆపితే రెండు నిమిషాలు పట్టేది. నేనూ చెయ్యెత్తి, వెనక హారన్ కొడుతున్నారన్న వంకతో ముందుకు పోయాను. కాకను చూడడం అదే ఆఖరు.

పదకొండో రోజు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. భోజనాలు అయిపోయి చుట్టాలు ఒక్కొక్కరే బయల్దేరుతున్నారు. చిన్నమ్మ వరండాలో చాప మీద కూర్చుని ఉంది. కాక భార్యను నేనెప్పుడూ అలాగే పిలిచేవాణ్ణి. నన్ను చూసి "వచ్చినవా బిడ్డా. చాన రోజులాయె" అంది, అంతే. ఎందుకు రాలేదని అడగలేదు. అడిగితే బాగుండేది.

చాప మీద నాకు చోటిచ్చి తనే అంది. "గా మిర్యాలగూడ పోయొచ్చినంక సినిమా మాటే ఎత్తలే బిడ్డా మీ కాక. టీవీల వచ్చినా లేచి బయటికి పోవుడు. ఏమైందయ్యా అంటే, నేను తప్పు చేసిన్నట, అందరు నవ్విన్రు అన్నడు. గంతే చెప్పిండు. నువ్వు గాడనే ఉంటివి గదా. ఏం తప్పు చేసిండు బిడ్డా?"

 నవ్వించింది నేనే చిన్నమ్మా అన్నాను. ఆమె నా మొహం వైపు చూసింది. తర్వాత "గా సినిమా నేను సూడలే. నీ ఫోన్ల ఉంటదా? నాకు సూపియ్యి" అంది.

ఫోన్ను నీళ్ళ చెంబుకు ఆనించి ఆమె ముందు పెట్టాను. సినిమా మొదలైంది. మధ్యలో ఎవరో వెళ్ళొస్తామని వస్తే తల ఊపింది కానీ కళ్ళు తిప్పలేదు. ఆ చోటు వచ్చింది. వేలితో ముందుకు జరిపి బూట్లు కడిగే సీను పెట్టాను. అది అయ్యాక వెనక్కి జరిపి కబురు అందే సీను పెట్టాను. మళ్ళీ ముందుకు జరిపి మిగతాది నడవనిచ్చాను. అంటే కాక చూపించినట్టే చూపించాను. కబురు అందినప్పుడు చిన్నమ్మ "అయ్యో, గందుకా కడిగింది" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సినిమా అయిపోయింది. ఫోన్ తెర నల్లబడింది. చిన్నమ్మ కళ్ళు తుడుచుకుని, కొంచెం ముందుకు వంగి, ఆ నల్లటి తెర వైపే చూస్తూ అడిగింది.

"అయిపాయెనా?"

"అయిపోయింది చిన్నమ్మా."

"మరి తప్పేడ జరిగింది బిడ్డా?"

చూపిస్తానేమోనని ఆమె అలాగే చూస్తూ కూర్చుంది.