పై అంతస్తు పాట

మొన్న శనివారం మా వీధి చివర రామమందిరంలో భజన ముగిశాక, విశాఖపట్నం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా పెదనాన్నగారి మనవడు నా పక్కకు జరిగి కూర్చున్నాడు. అతను అక్కడ సంగీతం నేర్చుకున్నవాడు. భజన జరిగినంతసేపూ తొడ మీద వేళ్లతో తాళం వేస్తూనే ఉన్నాడు గానీ, ఆఖరి పాట దగ్గర ఆ వేళ్లు తడబడ్డాయి. "అత్తా, ఆ వరస మనవైపుది కాదు కదా? పోనీ, ఎక్కడిదైనా కానీ, చివరి చరణం ముందు అందరూ ఒక్కసారిగా ఎందుకు ఆగిపోయారు? తాళంలో అక్కడ ఆగే పని లేదే," అన్నాడు. ఇక్కడ, బర్మాలోని యాంగన్ నగరంలో, పజుండౌంగ్‌లో పుట్టిన మా పిల్లలకు తెలుగు చెవికి ఎక్కినంతగా నోటికి ఎక్కదు. రాముడి పేరు కూడా బర్మా యాసలోనే పలుకుతారు. అలాంటివాళ్లు కూడా సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి నోరు మూసుకుని కాసేపు ఆగుతారు. "పాత అలవాటు నాయనా, మా మేడ మీదనుంచి వచ్చినాది," అని ఊరుకున్నాను. ప్రసాదం పంచే హడావిడిలో అంతకంటే ఏం చెబుతాను? ఇంటికొచ్చి మెట్ల మీదనుంచి తలెత్తి చూస్తే మూడో అంతస్తు తలుపుకు వేసిన తాళం కనిపించింది. ఇక చెప్పకుండా ఉండడం నావల్ల కావడం లేదు.

మాది రెండో అంతస్తు. మూడో అంతస్తులో ఒక యూదుల కుటుంబం ఉండేది. వాళ్ల పెద్దలు బాగ్దాదు నుంచి కలకత్తా మీదుగా టేకు వ్యాపారానికి వచ్చారు, మావాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి రేవులో మూటలు మోయడానికి వచ్చారు. మా తాత మోసిన సరుకులో వాళ్ల తాతదీ ఉండే ఉంటుంది. నాకు ఊహ తెలిసేసరికి టేకూ లేదు, వ్యాపారమూ లేదు, ఊళ్లో యూదులు గుప్పెడుమందే మిగిలారు. పై అంతస్తూ కింది అంతస్తూ ఒకే నీళ్ల మోటారు కోసం సమానంగా పోట్లాడుకునే స్థితికి వచ్చాం. ఆ ఇంటాయన్ని నేను అన్నయ్య అనేదాన్ని, ఆయన భార్యను వదిన. వాళ్ల మతాచారం ప్రకారం శుక్రవారం పొద్దు గుంకింది మొదలు శనివారం చీకటిపడేదాకా వాళ్లు నిప్పు ముట్టరు, స్విచ్చి ముట్టరు. అలాగని నన్ను పిలిచి లైటు వెయ్యమనీ అనకూడదు. అంటే వాళ్లు వేసినట్టే లెక్క. ఊరికే మాటవరసకు ఏదో అనొచ్చు, అర్థం చేసుకునే పని మనది. నాయనమ్మ కాలం నుంచీ శుక్రవారం సాయంత్రం ఇది మా ఇంటి ఆడవాళ్ల ఉద్యోగం, నాయనమ్మ తర్వాత అమ్మకు, అమ్మ తర్వాత నాకు వచ్చింది. అన్నయ్య గోడకేసి చూస్తూ, "ఏటో ఈయేల గదిలో సీకటెక్కువగా ఉన్నాది," అనేవాడు. ఆయన తెలుగు మా మెట్ల మీద నేర్చుకున్నదే, కాబట్టి అచ్చం మా తెలుగే. పిల్లలైతే, "అత్తా, పాపం ఫ్యానుకి నిద్దరొచ్చేసినాది," అనేవారు. ఒకసారి నడిపివాడు, "టీవీలో ఫుట్‌బాల్ ఆట ఉందని కింద ఎవలో అనుకుంతన్నారు," అన్నాడు. ఆ మాట నాకు అర్థం కానట్టే ఉండిపోయాను. అన్నయ్య నవ్వు ఆపుకోవడానికి గడ్డం గోక్కున్నాడు.

ఆ ముగ్గురు పిల్లలే పెద్దయ్యాక రాక్ బ్యాండు పెట్టారు. పెద్దపిల్ల గిటారు వాయిస్తూ పాడేది, నడిపివాడిది బేస్ గిటారు, చిన్నవాడివి డ్రమ్స్. చిన్నవాడి విద్యాభ్యాసం నేను కుండలకు పేరుబడ్డ ట్వంటే ఊరి నుంచి పడవ మీద తెప్పించుకున్న నీళ్లకుండ మీద మొదలైంది. అది పగిలింది. దాని తర్వాతదీ పగిలింది. అప్పుడు అన్నయ్య ఎక్కణ్నుంచో పాత డ్రమ్ముల సెట్టు మోయించుకొచ్చాడు, అది సరిగ్గా మా నడినెత్తి మీద స్థిరపడింది. మా గోడ మీద దేవుడి పటాలు రోజుకోసారి వంకర తిరిగేవి. నేను మెట్ల మీద నిలబడి తిట్టేదాన్ని, ఒకరోజు చప్పుడు వినపడకపోతే జ్వరమేమోనని పైకి పరిగెత్తేదాన్ని. యాంగన్‌లో పాటకచేరీ పెట్టేవాళ్లందరికీ శుక్రవారం సాయంత్రమే కావాలి. కుదరదు, కుదరదు అని చెప్పి చెప్పి విసిగిపోయిన పెద్దపిల్ల బ్యాండుకు ‘ఫ్రైడే క్లోజ్డ్’ అని పేరు పెట్టేసింది. వాళ్లకు చేతినిండా దొరికేది ఆదివారం ఒక్కటే. ఆదివారం సెలవు దొరికేది నగరం శివార్లలోని లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీ అమ్మాయిలకు. అలా నగరం నడిబొడ్డున ఎవరికీ తెలియని బ్యాండుకు ఆ ఫ్యాక్టరీల మధ్య ఖాళీ జాగాలో, పికప్ బండి వెనకభాగమే స్టేజీగా, ఒక లోకం దొరికింది. బుగ్గలకు థనకా చెక్క గంధం పూసుకుని ఊళ్లనుంచి పనికొచ్చిన అమ్మాయిలు వీళ్ల పాటలన్నీ కంఠతా పాడేవారు. నేనూ ఒకసారి చెవుల్లో దూది పెట్టుకుని వెళ్లాను. మధ్యలో ఆ దూది తీసేశాను.

అయినా ఆ ఇంట్లో నాకు నచ్చిన పాట వాళ్లది కాదు, అన్నయ్యది. శుక్రవారం భోజనాలయ్యాక, గాజు గ్లాసుల్లో నీళ్ల మీద నూనె పోసి పొద్దుండగానే వెలిగించిన దీపాల ముందు, బల్ల మీద వేళ్లతో మెల్లగా కొడుతూ ఆయన ఒక పాట పాడేవాడు. మాటలు నాకు ఒక్కటీ తెలియవు. ఆ వరస వాళ్ల తాతలనాటిదట, ఇంటికి పెద్దబిడ్డగా పుట్టినవాళ్లు నేర్చుకుని నిలబెట్టాలట, ఇంకెవరి నోటా ఆయన దాన్ని వినలేదట. లైట్లు ఆర్పే వేళదాకా నేను వాళ్ల మెట్ల మీద పూలు కట్టుకుంటూ కూర్చునేదాన్ని. ఏళ్ల తరబడి వింటుంటే వరస ఊరుకుంటుందా, నా నోట్లోకి వచ్చి కూర్చుంది. ఒక శనివారం భజనలో రామనామాన్ని ఆ వరసలో ఎత్తుకున్నాను, మందిరంలో అందరూ అందుకున్నారు. శనివారం అన్నయ్య బస్సెక్కడు, ఊళ్లో వాళ్ల ప్రార్థనామందిరం నుంచి నడిచే వస్తాడు. ఒకసారి ఆయన మా మందిరానికి ఎదురుగా, సైకా రిక్షాలు ఆగే చోట నిలబడి పాటంతా వినడం కిటికీలోంచి చూశాను. అడక్కుండా వాళ్ల పాట తీసుకున్నానని ఏమంటాడోననుకున్నాను. ఆయనకు ఆయాసం జబ్బు. మెట్లెక్కేటప్పుడు మా గడప దగ్గర ఆగి, ఊపిరి కూడదీసుకుని, అప్పుడు పైకి వెళ్లేవాడు. ఆ సాయంత్రం అలా ఆగినప్పుడు, "మీ రాముడికి నచ్చినాదేటి సెల్లీ?" అని మాత్రం అడిగాడు. నచ్చిందన్నాను. తలూపి పైకి వెళ్లిపోయాడు.

ఒక శుక్రవారం పిల్లలు ముందుగదిలో ఏదో పాట రికార్డు చేసుకుంటూ పొద్దు సంగతి మరిచిపోయారు. వదిన దీపాలు వెలిగించేసింది, రికార్డు మిషను మాత్రం ఎర్రలైటుతో తిరుగుతూనే ఉండిపోయింది. నేను వెళ్లేసరికి అందరూ ఆ ఎర్రచుక్కనే చూస్తున్నారు. ఎవరైనా ఏదైనా అంటారేమోనని నిలబడ్డాను. అన్నయ్య ఫ్యాను గురించి అన్నాడు, లైటు గురించి అన్నాడు, మిషను ఊసెత్తలేదు. అననిది చెయ్యడం నా ఉద్యోగంలో లేదు, దాన్ని అలాగే వదిలేశాను. అది గరిటెల చప్పుడూ, చిన్నవాడి తుమ్మూ, ప్రార్థనా అన్నీ మింగుతూ కూర్చుంది. ఆయన పాట ఎత్తుకుని సగంలో ఉండగా కరెంటు పోయింది. మా ఊళ్లో అది వింతేమీ కాదు. నూనెదీపాల వెలుగులో ఆయన మధ్యలో వదిలెయ్యకుండా చివరిదాకా పాడాడు. చాలాసేపటికి వీధి వీధంతా "మీ లా బీ!" అని అరిచింది. కరెంటు వచ్చిందంటే ఇక్కడ అందరం అలా అరుస్తాం. మిషను మాత్రం మళ్లీ తిరగలేదు.

ఆ వానాకాలంలోనే అన్నయ్య ఆయాసంతో పోయాడు. తల్లో తండ్రో పోతే ఏడాదిపాటు వాళ్లు సంగీతం వినకూడదు, వాయించకూడదు. ఊళ్లో పెద్ద హోటలువాళ్లు మొట్టమొదటిసారి ఆదివారం స్టేజీ ఇస్తామని కబురు పెట్టింది ఆ రోజుల్లోనే. పెద్దపిల్ల మారుమాట లేకుండా వద్దని చెప్పింది. తండ్రి గొంతు ఉన్న ఆ మిషను తెచ్చి నా బీరువాలో పెట్టి, "అత్తా, ఏడాది తిరిగేదాక ఇవ్వకు. ఏడిసినా ఇవ్వకు," అంది. ఏడుస్తూనే అంది. నెత్తిమీద ఆ నిశ్శబ్దం నన్ను డ్రమ్ముల కంటే ఎక్కువ బాధపెట్టింది. సాయంత్రాలు మెట్ల మీద అడుగులు వినిపించేవి, మా గడప దగ్గర ఆగేవి. తలుపు తీస్తే ఎవరూ ఉండేవారు కాదు. చాదస్తమనుకోండి, నాకు వినిపించిందే చెబుతున్నాను. మందిరంలో పాడితే మూడో అంతస్తు కిటికీకి వినపడుతుంది, అందుకని ఆ వరస ఏడాదిపాటు ఎత్తవద్దన్నాను. మందిరం పెద్దాయన విస్తుపోయాడు. "ఏటమ్మా, యూదుల మైల రాముడికి తగుల్తాదేటి?" అన్నాడు. "రాముడికి కాదు, పాటకి. పాట ఆ ఇంటిది. ఇంట్లో మైలుంటే పాటకీ ఉంటాది," అన్నాను. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

ఏడాది తిరిగాక మిషను పైకి పట్టుకెళ్లాను. అప్పటికే వాళ్లు ఊరు వదిలిపోవడానికి సిద్ధమయ్యారు. ఇక్కడ బతకడం రోజురోజుకీ కష్టమైపోతోందని వదిన చెల్లెలు సముద్రాల అవతలికి రమ్మంది. పెద్దపిల్ల మిషను తిప్పింది. గరిటెలు మోగాయి, చిన్నవాడు తుమ్మాడు, అన్నయ్య గొంతు గదిలోకి వచ్చి కూర్చుంది. సగం పాట అయ్యాక టక్కుమని ఆగింది. పెద్దపిల్ల మిగతాది అందుకోబోయి తడబడింది. తమ్ముళ్లు చెరో దారిలో పాడారు, వదిన తల అడ్డంగా ఊపింది. "నిలబెట్టాల్సిందాన్ని నేను, అత్తా. సగం నాన్ననే తీసుకెల్తన్నాను," అని ఆ పిల్ల కూలబడిపోయింది. నేను పాడదామని నోరు తెరిచాను. నాకూ రాలేదు. ఏడాదిగా నోరు కట్టేసుకున్నదాన్ని నేనే కదా! ఒంటిగొంతుకు అందనిది గుంపులో ఒకరి నోటినుంచి ఒకరికి అందుతుందేమోనని ఆశ పుట్టింది. "శనివారం సీకటి పడ్డాక మందిరానికి రండి," అన్నాను.

విగ్రహాలున్న గుడిలోకి వాళ్లు అడుగుపెట్టరు. వానలో ఒకే గొడుగు కింద తల్లీ ముగ్గురు పిల్లలూ, అన్నయ్య నిలబడిన చోటే, సైకా రిక్షాల పక్కన నిలబడ్డారు. నేను లోపల కిటికీ పక్కన కూర్చుని పాట ఎత్తాను. మందిరం కూడా మరిచిపోయి ఉంటే ఆ పాట ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. మొదటి సగం సాగింది. అది దాటాక నా గొంతు సన్నగిల్లింది, వెనకనుంచి ముసలమ్మలు అందుకున్నారు, వాళ్ల వెనక కుర్రకారు అందుకున్నారు. చివరి చరణం ముందు అందరూ ఎప్పట్లాగే ఆగారు. ఆ నిశ్శబ్దంలో బయటినుంచి పెద్దపిల్ల కేక వినిపించింది. ఆ తర్వాత చరణం లోపలా బయటా కలిసే సాగింది. పాట అయ్యాక బయటికి వెళితే ఆ పిల్ల నా రెండు చేతులూ పట్టేసుకుంది. "అత్తా, అక్కడ ఆగడం పాటలో లేదు. అక్కడ నాన్నకి ఊపిరాడక ఆగేవోడు. మీ రాముడి మనుసులందరూ నాన్నకి ఊపిరాడేదాకా ఆగేరు!" అంది. నేను ఇన్నేళ్లూ అదీ వరసలో భాగమే అనుకున్నాను. ఆయన ఆయాసాన్ని కూడా పాటతో సహా తెచ్చుకుని మందిరంలో పెట్టామన్నమాట.

మర్నాడు ‘ఫ్రైడే క్లోజ్డ్’ లైంగ్‌థార్యార్‌లో చివరిసారిగా వాయించింది. ఆ పాటను గిటారుల మీదికి ఎక్కించి, ఆ చోట డ్రమ్ములతో సహా అన్నీ ఆపేశారు. ఆ అమ్మాయిలంతా ఎందుకో తెలియకుండానే ఊపిరి బిగబట్టారని చిన్నవాడు చెప్పాడు. ఇప్పుడు వాళ్లు ఎక్కడో దూరాన ఉన్నారు, తాళంచెవి నా దగ్గర ఉంది. శుక్రవారం పొద్దు గుంకగానే పైకి వెళ్లి ఖాళీ గదిలో లైటు వేస్తాను. చీకటిగా ఉందని అనేవాళ్లు ఎవరూ లేరు, అయినా నాకు అర్థమవుతూనే ఉంటుంది. గడప దగ్గర అడుగులు ఈమధ్య వినపడడం లేదు. ఆయన ఇప్పుడు మందిరంలోనే ఆగుతున్నాడనుకుంటాను. ప్రతి శనివారం మేమంతా నోరు మూసుకున్న ఆ కాసేపు, ఇంత పరుగెత్తే కాలం కూడా ఆయనకు ఊపిరి అందేదాకా మా పక్కనే నిలబడి, ఆ తర్వాతే కదులుతుంది.